వాఘోలి నల్లరాయిలో నీలి రవ్వ: కావన్‌సైట్‌ని అక్కడికక్కడే గుర్తుపట్టడం ఎలా

పూణె నుంచి నగర్ రోడ్డు పట్టుకుని వెళ్తే వాఘోలి వస్తుంది. ఇవాళ చూస్తే అన్నీ అపార్ట్‌మెంట్లు, ట్రాఫిక్. కానీ ఆ ఊరి పక్కన కంకర క్వారీలున్నాయి. ఖనిజాలు సేకరించేవాళ్ళ అల్మారాల్లో ఈ రోజు మెరుస్తున్న కావన్‌సైట్ అనే నీలి ఖనిజం దాదాపు అంతా ఆ గుంతల్లోంచి వచ్చిందే. మొదట కనబడింది మాత్రం అక్కడ కాదు. 1967లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో దొరికింది. 1973లో దాన్ని కొత్త ఖనిజంగా వర్ణించి పేరు పెట్టారు. కాల్షియం, వనేడియం, సిలికేట్ అనే మూడు మాటల మొదళ్ళు కలిపితే కావన్‌సైట్. ఒరెగాన్‌లో దొరికింది చాలా తక్కువ. వాఘోలి ముక్కలు బయటికి వచ్చాకే ఈ రాయి అంటే ఏమిటో చాలామందికి తెలిసింది.

దీని రంగు గురించి ఎంత చెప్పినా తక్కువే. నెమలి మెడలో ఒక కోణంలో కనిపించే నీలం. ఒక్కసారి చూస్తే మర్చిపోరు. చిక్కంతా అక్కడే ఉంది. నీలంగా ఏది కనిపించినా గుండె ఝల్లుమంటుంది, బుర్ర పనిచేయడం మానేస్తుంది. అందుకే నేను పెట్టుకున్న పద్ధతి ఒకటే: రంగు చూసి ఆగాలి, తేల్చుకోవడం మాత్రం మిగతావాటితో చేయాలి. ముందు అది కూర్చున్న రాయి, తర్వాత దాని ఆకారం, తర్వాత గట్టిదనం. రంగు అన్నిటికన్నా చివర. కింద చెప్పేదంతా ఈ వరసలోనే ఉంటుంది.

వెళ్ళే ముందు

క్వారీ మీది కాదు. లీజుదారుడి అనుమతి లేకుండా గేటు దాటకండి. ముందురోజు వెళ్ళి మేనేజర్‌తోనో సూపర్‌వైజర్‌తోనో మాట్లాడుకోండి. ఏ ముక్క తీసుకెళ్ళొచ్చు, డబ్బు ఎంత కట్టాలి అనేది అక్కడే తేల్చుకోవాలి. రాయి చేతికొచ్చాక బేరమాడితే గొడవవుతుంది. బ్లాస్టింగ్ ఎన్నింటికో అడగండి. ఆ టైముకి గంట ముందే బయటికి వచ్చేయండి. పేలుడు అయిపోయింది కదా అని వెంటనే దిగకండి, వాళ్ళు దిగాక దిగండి. హెల్మెట్, గట్టి బూట్లు, కళ్ళద్దాలు తప్పనిసరి. నిట్టనిలువు గోడ కింద కూర్చుని రాయి కొట్టే పని అసలు వద్దు.

వానాకాలంలో గుంతల్లో నీళ్ళు నిలుస్తాయి, గట్లు జారతాయి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది.

సామాన్లు ఎక్కువేమీ అక్కర్లేదు. పది రెట్లు పెద్దది చేసి చూపించే చిన్న భూతద్దం, మేస్త్రీలు వాడే చిన్న ఉలి, సుత్తి, నీళ్ళు చిమ్మే స్ప్రే బాటిల్, వెనక వైపు పూత లేని టైల్ ముక్క ఒకటి, పాత న్యూస్‌పేపర్లు, టిష్యూ రోల్, అట్ట గుడ్ల ట్రే రెండు. యువీ టార్చి ఉంటే మంచిది. అది క్వారీలో కన్నా కొట్లో ఎక్కువ పనికొస్తుంది, ఎందుకో తర్వాత చెప్తాను.

కన్ను అలవాటు చేసుకోవడానికి పూణె దాకా పోనక్కర్లేదు

వాఘోలిలో ఉన్నది దక్కన్ ట్రాప్స్ నల్లరాయి, అంటే బసాల్ట్. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట లావా పొర మీద పొరగా పరుచుకుని గట్టిపడింది. ఇప్పటికీ అది దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్లలో ఉంది. దాని తూర్పు అంచు మన తెలంగాణలోకీ వస్తుంది. వికారాబాద్ వైపు వెళ్తే రోడ్డు పక్కన తవ్విన చోట ఇదే రాయి కనిపిస్తుంది. కావన్‌సైట్ దొరుకుతుందని ఆశపడి కాదు, కన్ను కుదరడానికి ముందు అక్కడికి వెళ్ళండి.

నల్లరాయిలో బఠాణీ గింజంత నుంచి పిడికిలంత దాకా తెల్లటి మచ్చలు చూడండి. అవి మచ్చలు కావు. లావా చల్లారేటప్పుడు అందులోని గ్యాస్ బుడగలుగా మిగిలిపోయింది. తర్వాత ఎప్పుడో వేడినీళ్ళు ఆ చిల్లుల్లోకి ఇంకి, తమలో కరిగిన పదార్థాన్ని గోడలకు పేర్చాయి. ఏ చిల్లు పూర్తిగా నిండిపోయింది, ఏది లోపల ఖాళీగా ఉండి స్ఫటికాలు పెంచుకుంది అన్న తేడా మీ కన్ను పట్టుకోగలిగితే చాలు. నిండిన చిల్లు మనకు పనికిరాదు. స్ఫటికం పెరగాలంటే చోటు కావాలి.

క్వారీలో దేని కోసం వెతకాలి

కొత్తవాళ్ళందరూ చేసే పొరపాటు నీలం కోసం వెతకడం. రోజంతా తిరుగుతారు, ఏమీ కనబడదు. నీలం కోసం కాదు, దాని చుట్టాల కోసం వెతకండి.

కావన్‌సైట్ ఒంటరిగా ఉండదు. దాని కింద దాదాపు ఎప్పుడూ స్టిల్‌బైట్ గానీ హ్యూలాండైట్ గానీ ఉంటుంది. స్టిల్‌బైట్‌ని గుర్తుపట్టడం మన ఊళ్ళ వాళ్ళకు చాలా తేలిక: నడుమ గట్టిగా కట్టిన వరిపనలా ఉంటుంది, రెండు కొసలూ విప్పుకుని. మీగడ రంగు, లేత నారింజ, తెలుపు. హ్యూలాండైట్ పలకలుగా ఉంటుంది, ముత్యపు చిప్ప లోపలి మెరుపు ఉంటుంది. వీటికి తోడు కాల్సైట్, దూదిలా అల్లుకున్న మోర్డెనైట్, గాజు గోపురాల్లాంటి అపోఫిలైట్. అపోఫిలైట్ ఆకుపచ్చగా కనబడితే ఇంకాస్త ఉత్సాహపడండి. ఆ ఆకుపచ్చ వచ్చేది వనేడియం వల్లే. కావన్‌సైట్ నీలానికి కారణం కూడా అదే మూలకం. అలాగని ఒకటి ఉంటే రెండోది ఉండి తీరాలని లేదు.

ఇంకో గుర్తు రాయి తీరు. నున్నగా, గట్టిగా, ఒకే ముద్దలా ఉన్న నల్లరాయి క్వారీవాళ్ళకు ఇష్టం, కంకరకు బాగుంటుంది. మనకు కావాల్సింది వాళ్ళు తిట్టుకునే రాయి: ముక్కలు ముక్కలుగా విరిగి మళ్ళీ అతుక్కున్నట్టుండేది, గోధుమ, బూడిద రంగు కలిసినది, సందులున్నది. కావన్‌సైట్ ఎక్కువగా అలాంటి పట్టీల్లోనే దొరికింది. పనికిరాదని ఓ పక్కన పోసిన గుట్ట కనబడితే ముందు అక్కడికే పోండి. గోడ కన్నా గుట్ట సురక్షితం కూడా.

నీళ్ళు చల్లి చూడండి

ఈ కిటుకు నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. మొదటిసారి వెళ్ళినప్పుడు రెండు గంటలు గుట్ట తిరగేసి ఏమీ దొరక్క కూర్చున్నాను. క్రషర్ దుమ్ము పడి రాళ్ళన్నీ ఒకే బూడిద రంగులో ఉన్నాయి. పక్కన పనిచేస్తున్న పెద్దావిడ నన్ను చూసి నవ్వి, "నీళ్ళు పోసి చూడు నాయనా" అంది. ఉలిక్కిపడ్డాను. పూణె చుట్టుపక్కల క్వారీల్లో వడార్ కుటుంబాలు చాలా ఉన్నాయి. మన వడ్డెరలే. తరాల కిందట వెళ్ళి అక్కడే స్థిరపడ్డారు, ఇంట్లో మాట్లాడేది ఇప్పటికీ తెలుగు యాసే. ఆవిడ మాటలో సగం మరాఠీ ఉంది గానీ, ఆ ఒక్క ముక్క మాత్రం అచ్చం మా అమ్మమ్మ అన్నట్టే ఉంది.

అప్పటినుంచీ స్ప్రే బాటిల్ లేకుండా వెళ్ళలేదు. ఒక ముక్క ఎత్తండి, రెండుసార్లు చిమ్మండి, ఎండకు ఏటవాలుగా పట్టుకుని తిప్పండి. దుమ్ము కింద ఉన్న నీలం ఒక్కసారిగా లేచొస్తుంది. బాటిల్‌ని సన్నటి తుంపర మీదే పెట్టండి. నీటి ధార నేరుగా కొడితే సూదులు విరుగుతాయి.

భూతద్దంలో ఏం కనబడాలి

నీలం కనబడింది. ఇప్పుడు కూర్చోండి, ఊపిరి పీల్చుకోండి. భూతద్దాన్ని కంటికి ఆనించి, రాయిని దాని దగ్గరికి తెచ్చుకోండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, అద్దం రాయి దగ్గర పెట్టి దూరం నుంచి చూస్తారు. అలా చూస్తే ఏమీ కనబడదు.

కావన్‌సైట్ మామూలుగా బంతిలా, లేదా సగం బంతిలా ఉంటుంది. కందిగింజంత సైజు ఎక్కువ. రేగుపండంత ఉంటే మీ పంట పండినట్టే. పైకి గరుగ్గా కనిపించే ఆ బంతి నిజానికి ఒకే చోటు నుంచి నలువైపులా విచ్చుకున్న సూదుల గుత్తి. ప్రతి సూదికీ గాజు మెరుపు ఉండాలి. కొస వేరుగా కనబడాలి. బంతి విరిగి ఉంటే ఇంకా మంచిది: మధ్య నుంచి అంచు దాకా గీతలు చక్రం ఆకుల్లా పరుచుకుని ఉంటాయి, నీలం లోపలి దాకా ఉంటుంది. పైన మాత్రమే నీలం ఉండి లోపల తెల్లగా ఉంటే అది కావన్‌సైట్ కాదు.

అడుగు చూడటం మర్చిపోకండి. బంతి స్టిల్‌బైట్ మీద ఎలా కూర్చుంది? సహజంగా పెరిగినదైతే అంచులో ఎక్కడో ఒకచోట స్టిల్‌బైట్ పలక బంతిలోకి చొచ్చుకునో, సూదులు పలక మీదికి పాకో ఉంటాయి. రెండూ కలిసి పెరిగిన గుర్తు అది.

గీత, గోరు, చాకు

ఈ పరీక్షలు మంచి ముక్క మీద చేయకండి. గుట్టలో రాలిపోయిన రవ్వ ఒకటి ఏరుకుని దాని మీద చేయండి.

టైల్ వెనక గరుకు వైపు రవ్వను రుద్దండి. గీత దాదాపు తెల్లగా, కాస్త నీలి ఛాయతో వస్తుంది. రాయిలోని ముదురు నీలం గీతలో రాదు.

గట్టిదనం మోస్ స్కేల్ (ఖనిజాల గట్టిదనానికి 1 నుంచి 10 దాకా ఉండే కొలత) మీద 3కీ 4కీ మధ్య. గోరుకు గీత పడదు, చాకుకు తేలిగ్గా పడుతుంది. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. సూదుల బంతి మీద గోరు నొక్కితే సూదులు పొడైపోతాయి, "అరే, ఇది మెత్తన" అనుకుంటాం. మెత్తనవడం వేరు, విరిగిపోవడం వేరు. ఒక సూది అడ్డంగా దొరికితేనే ఈ పరీక్షకు అర్థం ఉంటుంది. దొరక్కపోతే వదిలేయండి.

బరువు కూడా కొంత చెబుతుంది. కావన్‌సైట్ నీటికన్నా సుమారు 2.3 రెట్లు బరువు, అంటే తేలికైన రాయే. కానీ పిడికిలంత నల్లరాయి మీద కందిగింజంత బంతి ఉంటే చేతిలో తూచి ఏం తెలుస్తుంది? విడిగా రాలిన బంతికే ఇది పనికొస్తుంది.

ఏవేవి మోసం చేస్తాయి

అన్నిటికన్నా ఎక్కువ నిరాశ పెట్టేది సెలడొనైట్. నల్లరాయి చిల్లుల గోడలకు నీలాకుపచ్చ పూతలా అంటుకుని ఉంటుంది. దూరం నుంచి చూస్తే ఆశ పుడుతుంది. భూతద్దంలో మట్టి పూతే: మెరుపు ఉండదు, సూది ఉండదు, గోరుతో గీకితే పొడి రాలుతుంది. ఇది దక్కన్ రాయిలో బోలెడంత ఉంటుంది.

అజురైట్ అనేది రాగి ఖనిజం, ముదురు నీలం. చేతికి బరువుగా ఉంటుంది, కావన్‌సైట్ కన్నా ఒకటిన్నర రెట్లు పైనే. గీత స్పష్టంగా నీలంగా వస్తుంది. పలుచటి యాసిడ్ చుక్క వేస్తే నురగ కక్కుతుంది. వాఘోలి కావన్‌సైట్ పక్కన మాత్రం కాల్సైట్ ఉంటుంది కదా, చుక్క జారి దాని మీద పడినా నురగ వస్తుంది. అలా "ఇది అజురైటే" అని మంచి ముక్కను పారేసినవాళ్ళూ ఉంటారు. అసలు యాసిడ్ పరీక్ష గుట్టలో ఏరిన రవ్వ మీద, ఇంటి దగ్గర చేసుకోండి.

రంగులో దీనికి దగ్గరగా వచ్చేది మనందరికీ తెలిసిన మైలుతుత్తం. క్వారీలో అది ఉండదు గానీ, రోడ్డు పక్కన రాళ్ళమ్మే చోట స్ఫటికాలుగా పెంచి అమ్మేది చూశాను. నీళ్ళలో వేస్తే కరిగి నీళ్ళు నీలంగా మారతాయి. కావన్‌సైట్ నీళ్ళలో కరగదు.

నవ్వుకోకండి గానీ, నేను ఒకసారి వంగి తీయబోయిన నీలి మెరుపు ఒక ప్లాస్టిక్ వైరు ముక్క. పేలుడు పెట్టేటప్పుడు వాడే డిటొనేటర్ తీగలూ గొట్టాలూ రకరకాల రంగుల్లో ఉంటాయి, ముక్కలు గుట్టల్లో పడి ఉంటాయి. అలాంటిది కనబడితే ముట్టుకోకండి. పేలని డిటొనేటర్ దాని చివర ఉండొచ్చు. అక్కడే ఆగి సూపర్‌వైజర్‌ని పిలవండి.

పెంటగొనైట్ అయితే?

ఇదీ వాఘోలిలోనే దొరుకుతుంది. కావన్‌సైట్‌కీ దీనికీ రసాయనం అక్షరం తేడా లేదు, అవే పరమాణువులు. పేర్చుకున్న తీరు మాత్రం వేరు. ఒకే ఇటుకలతో కట్టిన రెండు ఇళ్ళు అనుకోండి. పెంటగొనైట్ ఇంకా అరుదు, ధర ఎక్కువ. అందుకే సూదులు కాస్త పొడుగ్గా కనబడితే చాలు, కొందరు ఆ పేరే పెట్టి అమ్మేస్తారు.

భూతద్దంలో తేడా ఇలా చూడండి. కావన్‌సైట్ సూదులు దట్టంగా బంతి కడతాయి. పెంటగొనైట్ స్ఫటికాలు పలుచటి కత్తుల్లా, విడివిడిగా, విసనకర్రలా పరుచుకుంటాయి. ఐదు స్ఫటికాలు జంట కట్టి అడ్డుకోతలో ఐదు కొనల నక్షత్రంలా కనబడటం దీని ప్రత్యేకత, పేరు వచ్చింది కూడా దానివల్లే. స్ఫటికం కొసను నేరుగా కంటివైపు తిప్పుకుని ఆ నక్షత్రం కోసం చూడండి. స్పష్టంగా కనబడితే అదృష్టం. కనబడకపోతే ల్యాబ్‌లో చేసే ఎక్స్‌రే డిఫ్రాక్షన్, లేదా రామన్ పరీక్ష తప్ప వేరే దారి లేదు. తెలిసినవాళ్ళెవరైనా యూనివర్సిటీ జియాలజీ విభాగంలో ఉంటే రాలిన రవ్వ పంపి అడిగి చూడండి, చిటికెడు చాలు.

అతికించిన బంతులు

క్వారీలో మీ చేత్తో తీసింది కాకుండా, ఊళ్ళో కొనే ముక్క అయితే ఇంకో పని ఉంది. రాలిపోయిన బంతిని అందమైన స్టిల్‌బైట్ మీద గమ్‌తో అతికించడం చాలా మామూలు వ్యవహారం. నా మొదటి కావన్‌సైట్ అలాంటిదే. ఒక ఎగ్జిబిషన్‌లో కొన్నాను. తెల్లటి స్టిల్‌బైట్ పీఠం, సరిగ్గా నడిమధ్యలో నీలి బంతి, దేవుడి పటానికి బొట్టు పెట్టినట్టు. ఎనిమిది నెలలకి ఎండాకాలంలో ఊడిపోయింది. అడుగున పసుపు పచ్చగా ఎండిన ఫెవిక్విక్ లాంటి పొర. బంతి అసలుదే, పీఠమూ అసలుదే, పెళ్ళి మాత్రం దొంగ పెళ్ళి.

అప్పటినుంచీ నాకు మరీ చక్కగా మధ్యలో కూర్చున్న బంతి అంటే అనుమానం. భూతద్దంతో అడుగు అంచు చుట్టూ తిరగండి. గమ్ ఉంటే తడిసినట్టు నున్నటి మెరుపు, అందులో చిన్న గాలి బుడగలు, దుమ్ము అంటుకున్న గీత కనబడతాయి. చీకట్లో యువీ టార్చి వేయండి. చాలా రకాల గమ్‌లు తెల్లగానో లేత నీలంగానో వెలుగుతాయి. కాల్సైట్ కూడా ఒక్కోసారి వెలుగుతుంది కాబట్టి, వెలుగు బంతి చుట్టూ ఉంగరంలా ఉందా, రాయంతా పరుచుకుందా అన్నది చూడండి. ఉంగరంలా ఉంటే డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

రంగు వేసినవి వేరే రకం. ఒకెనైట్ అని తెల్లటి దూది బంతుల్లా ఉండే ఖనిజం దక్కన్‌లోనే దొరుకుతుంది. దాన్ని నీలం రంగులో ముంచి అమ్మేవాళ్ళున్నారు. ఒకెనైట్ పోగులు జుట్టులా వంగుతాయి, కావన్‌సైట్ సూది వంగదు, విరుగుతుంది. అనుమానం ఉంటే అసిటోన్‌లో ముంచిన దూదిని అడుగు వైపు కనబడని చోట ఆనించండి. దూదికి నీలం అంటితే అద్దకమే.

తీయడం, తేవడం

బంతికి కనీసం నాలుగు వేళ్ళ దూరంలో ఉలి పెట్టండి. దగ్గరగా కొడితే అదురుకే ఊడిపోతుంది. ఒక్క పెద్ద దెబ్బ వద్దు, చుట్టూ చిన్న చిన్న దెబ్బలు. రాయి పెద్దగా వస్తే రానివ్వండి, బరువని మోయడానికి బద్ధకించి చిన్నది చేయబోతే రాయి మిగులుతుంది, బంతి పోతుంది. ఆ తప్పు నేను రెండుసార్లు చేశాను.

బంతి మీద నేరుగా టిష్యూ కూడా ఆననివ్వకండి, సూదులకు పట్టుకుని తీసేటప్పుడు లాగేస్తుంది. రాయి అడుగునీ పక్కలనీ పేపర్‌తో గట్టిగా బిగించి, పైభాగం గాల్లో ఉండేట్టు డబ్బాలో పెట్టండి. చిన్న ముక్కలకు గుడ్ల ట్రే బాగా సరిపోతుంది. రైల్లో పై బెర్త్ మీద కాదు, మీ ఒళ్ళో పెట్టుకోండి.

ఇంటికొచ్చాక కడగాలంటే మామూలు నీళ్ళే. గిన్నెలో నానబెట్టి, నీళ్ళు మార్చి, మళ్ళీ నానబెట్టండి. బ్రష్ వద్దు, అల్ట్రాసోనిక్ మెషీన్ వద్దు, యాసిడ్ అస్సలు వద్దు. యాసిడ్ కాల్సైట్‌ని కరిగించి, స్టిల్‌బైట్ మెరుపు పోగొట్టి, చివరికి బంతి కింద ఆధారమే లేకుండా చేస్తుంది.

ఇక చీటీ. క్వారీలో ఉండగానే రాయండి, ఇంటికొచ్చాక రాద్దామంటే రెండు ముక్కలు తారుమారవుతాయి. తేదీ, ఏ క్వారీ, గోడలోదా గుట్టలోదా, పక్కన ఏ ఖనిజాలు ఉన్నాయి. చీటీకి వేసిన నంబరే రాయి అడుగున చుక్క వైట్నర్ పెట్టి దాని మీద రాయండి. పరీక్ష చేయించని ముక్కకు పెంటగొనైట్ అని రాయాలని చేయి లాగుతుంది. నా దగ్గర పన్నెండో నంబరు ముక్క చీటీ మీద ఆరేళ్ళుగా "కావన్‌సైట్, లేదా పెంటగొనైట్?" అని ప్రశ్నార్థకంతోనే ఉంది.